కుడి మలుపు లేని ఊరు

మనిషి చక్రం కనిపెట్టిన నాటి నుంచి నేటి వరకు ఎదుర్కొన్న అతి పెద్ద ముప్పు కుడి మలుపు. ఈ సంగతి శాస్త్రవేత్తలకు తట్టలేదు గానీ, మున్సిపాలిటీలోని మలుపుల విభాగానికి తట్టింది. ఊళ్ళో జరిగే ప్రమాదాల్లో సగం బళ్ళు కుడికి తిరిగేటప్పుడే జరుగుతున్నాయని ఆ విభాగం ఏడాది పాటు అధ్యయనం చేసి తేల్చింది. (మిగతా సగం ఎడమకు తిరిగేటప్పుడు జరుగుతున్నాయని కూడా అదే అధ్యయనం తేల్చింది. వాటి సంగతి రెండో దశలో చూస్తారు.) ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నవాడు కూడా అంతకుముందు ఓ పిల్లిని తెచ్చి చూసే ఉంటాడు. మున్సిపాలిటీ అంత తాత్సారం చేయలేదు. ఒక సోమవారం తెల్లారేసరికి ఊళ్ళో ప్రతి కూడలిలోనూ కుడి బాణం మీద ఎర్ర గీత పడింది.

క్లచ్ మాస్టారు ఆ గీతల్ని మొదట్లో పెద్దగా పట్టించుకోలేదు. ఆయన ఇరవై ఆరేళ్ళుగా డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నారు. శిష్యులు ఏ తప్పు చేసినా "క్లచ్చు, క్లచ్చు" అని కలవరించడం వల్ల ఆ పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు కావాలంటే ఆయన భార్య కూడా లైసెన్సు తీసి చూడాల్సిందే. మూడుసార్లు ఎడమకు తిరిగితే కుడికి తిరిగినట్టే కదా అని ఆయన శిష్యులకు ధైర్యం చెప్పారు. రెండో వారంలో మున్సిపాలిటీ వారు ఆ మూడో ఎడమ మలుపులో సైకిళ్ళకు ప్రత్యేకంగా దారి వేసి, సైకిళ్ళు వచ్చి పాడు చేయకుండా దాని నిండా పూలకుండీలు పెట్టారు.

అయినా మాస్టారు సర్దుకుపోయేవారే. చిక్కల్లా చెల్లెలి దగ్గర వచ్చింది.

చెల్లెలు పెద్దాసుపత్రిలో నర్సు. పదకొండేళ్ళుగా రాత్రి డ్యూటీ. ఆమె ఇంటికొచ్చేసరికి కూతురు బడికి బయల్దేరుతుంది, కూతురు వచ్చి పుస్తకాల సంచి దించేసరికి ఈమె లేచి ఆసుపత్రికి బయల్దేరుతుంది. ఒకే ఇంట్లో ఉంటూ తల్లీ కూతుళ్ళు గుమ్మం దగ్గర మాత్రమే కలుసుకుంటున్నారు. ఇన్నాళ్ళకి పగటి పూట ఇళ్ళకు వెళ్ళి రోగుల్ని చూసే నర్సు ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. కారు ఆసుపత్రే ఇస్తుంది. నెలాఖరులోగా లైసెన్సు చూపిస్తే ఆ ఉద్యోగం ఆమెది, చూపించకపోతే వరుసలో తర్వాతి మనిషిది.

బండి ఆమె చేతిలో బాగానే నడుస్తోంది. అయితే డ్రైవింగ్ పరీక్షలో పద్నాలుగో అంశం ఒకటుంది. అభ్యర్థి నలుగురూ తిరిగే రోడ్డు మీద ఒక కుడి మలుపు తిరిగి చూపించాలి.

మాస్టారు మలుపుల విభాగానికి వెళ్ళారు. ఆ ఆఫీసు ఆయన స్కూలుకి ఎదురుగానే ఉంది కాబట్టి యాభై నిమిషాల్లో చేరుకున్నారు. (రోడ్డు దాటి నడిచి వెళ్ళకూడదా అని అడగొచ్చు. వాహనాలకు సంబంధించిన వినతులు వాహనంతో సహా హాజరై ఇవ్వాలని నిబంధన.) లోపల ఉప మలుపుల అధికారి ఉన్నాడు. ప్రధాన మలుపుల అధికారి ఇంటి దగ్గర బయల్దేరి దారిలో ఉన్నాడు.

"పరీక్షలో కుడికి తిరగమంటారు. ఊళ్ళో మీరు తిరగనివ్వరు. మా చెల్లెలు ఎటు తిరగాలో మీరే చెప్పండి సార్," అన్నారు మాస్టారు.

"పరీక్ష మాది కాదండీ. అది రవాణా శాఖ వాళ్ళది. వాళ్ళేమంటున్నారు?"

"బోర్డులు మావి కావు, మున్సిపాలిటీ వాళ్ళవి అంటున్నారు."

"చూశారా? రెండు శాఖలకీ ఎక్కడా పేచీ లేదు," అని సంతోషించాడు ఉప అధికారి.

అయినా మనసున్న మనిషే. మూడు ఫారాలు పూర్తయ్యాక, ఊరి మొత్తానికి ఒక అధికారిక కుడి మలుపు మంజూరు చేశాడు. నీళ్ళ ట్యాంకు కూడలిలో, మంగళవారం, శుక్రవారం, పదకొండు నుంచి పదకొండూ ఇరవై వరకు, నేర్చుకునేవాళ్ళకు మాత్రమే.

తొలి మంగళవారం ఊళ్ళో ఉన్న తొమ్మిది డ్రైవింగ్ స్కూళ్ళూ అక్కడికి దిగాయి. మామూలు జనమైతే తోసుకుని, హారన్లు కొట్టి, ఒకరినొకరు తిట్టుకుని పావుగంటలో పని కానిచ్చుకునేవారు. వీళ్ళు పాఠం చెప్పి బతికేవాళ్ళు. ప్రతి శిష్యుడూ బండి ఆపి, మూడద్దాలూ చూసి, సిగ్నల్ వేసి, మళ్ళీ మూడద్దాలూ చూశాడు. ముందు బండికీ వెనక బండికీ మధ్య రెండు బళ్ళ ఖాళీ వదలాలని క్లచ్ మాస్టారే రోడ్డు మీద నిలబడి కేకలేశారు. ఇరవై నిమిషాల్లో నాలుగు బళ్ళు తిరిగాయి. మిగతా బారు పాత వంతెన దాకా పోయింది.

చెట్టు కింద మడత కుర్చీలో ఒక ఉద్యోగి కూర్చుని బళ్ళు లెక్కపెడుతున్నాడు. మాస్టారికి అతన్ని చూస్తే ముచ్చటేసింది.

"వంతెన అవతల ఇంకో ఆరున్నాయి బాబూ. అవి కూడా రాసుకో. మేమెంతమందిమో తెలిస్తేనే కదా ఇంకో మలుపు ఇస్తారు," అన్నారు.

అతను వినయంగా రాసుకున్నాడు.

మూడో వారానికి చెల్లెలికి వంతు వచ్చింది. ఒక్క తడబాటు లేకుండా వెన్నలా తిప్పింది. బండి పక్కన ఆపి, స్టీరింగ్ మీద తల ఆనించింది. "వచ్చేసింది అన్నయ్యా. ఇంక పిల్లకి రోజూ నేనే జడ వేస్తాను," అంది. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ, క్లచ్చు మీంచి కాలు తియ్యమని మందలించారు.

పరీక్ష నెలాఖరు శుక్రవారం పడింది. పక్క సీట్లో పరీక్షాధికారి, వెనక సీట్లో మాస్టారు. నీళ్ళ ట్యాంకు కూడలికి చేరేసరికి సరిగ్గా పదకొండూ అయిదు. కుడి బాణం మీద ఎర్ర గీత ఉంది, రంగు ఇంకా ఆరలేదు. కింద నోటీసు: "ఈ కూడలిలో వాహనాలు వంతెన వరకు బారులు తీరుతున్నట్టు లెక్కల్లో తేలినందున, రద్దీకి మూలం కుడి మలుపేనని నిర్ధారించి దానిని రద్దు చేయడమైనది. లెక్కింపుకు సహకరించిన డ్రైవింగ్ స్కూళ్ళకు కృతజ్ఞతలు."

"కుడికి తిప్పండమ్మా," అన్నాడు పరీక్షాధికారి.

"బోర్డు ఉంది సార్."

"చూశాను. తిప్పితే చట్టం మీరారని ఫెయిల్ చెయ్యాలి. తిప్పకపోతే మలుపు రాదని ఫెయిల్ చెయ్యాలి. మీ ఇష్టం, నా వైపు నుంచి ఏ ఒత్తిడీ లేదు."

"సార్, తను మొన్ననే ఇక్కడే..." అన్నారు మాస్టారు.

"వెనక సీటుకి మాట్లాడే అధికారం లేదండీ."

చెల్లెలు రెండు క్షణాలు ఆ ఎర్ర గీత వైపు చూసి, బండిని తిన్నగా పోనిచ్చింది.

ఫలితం కాగితం సాయంత్రం ఇచ్చారు. స్టీరింగ్: బాగుంది. అద్దాలు చూడటం: చాలా బాగుంది. బోర్డులు గమనించడం: చాలా బాగుంది. చట్టాన్ని గౌరవించడం: ఆదర్శప్రాయం. ఫలితం: ఫెయిల్. మళ్ళీ పరీక్ష నాలుగు నెలల తర్వాత.

మాస్టారికి వంతెన అవతలి ఆరు బళ్ళూ కళ్ళ ముందు కదిలాయి. తన వేలితో తన కన్నే పొడుచుకున్నానని అర్థమైంది. దాచుకోలేక చెల్లెలికి చెప్పేశారు.

"నువ్వేమన్నా కావాలని చేశావా?" అంది ఆమె, కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంటూ. "పద, డ్యూటీకి టైమవుతోంది. దింపెయ్."

ఆసుపత్రి వీధి మొదట్లో ఆయన బండి ఆపారు. అక్కణ్ణించి ఆసుపత్రి కుడి వైపున ఉంది. ఆమె దిగి నడుచుకుంటూ వెళ్ళింది.

తర్వాతి నెల మున్సిపాలిటీ వారి సమాచార పత్రిక ప్రతి ఇంటికీ ఉచితంగా వచ్చింది. మొదటి పేజీలో రంగుల ఫోటో. నర్సు దుస్తుల్లో ఒకామె, భుజాన సంచితో, తల వంచుకుని నడిచి వెళుతోంది. దాని కింద రాసి ఉంది: "మా పథకానికి ముచ్చటపడి, కారు మీద మోజు వదులుకున్న ఒక పౌరురాలు."