మూడేళ్లుగా తెరవని ఫైళ్లు

ఒక పెద్ద అడవిలో, ఈ కొసన ఇచ్చిన అర్జీ ఆ కొసకు చేరేసరికి ఇచ్చినవాడికి మనవలు పుట్టేంత పెద్ద అడవిలో, ఒక పంచాయతీ ఆఫీసుండేది. ఆఫీసుకో కంప్యూటరు, ఆ కంప్యూటరుకో గుమాస్తా, ఉడుత వరహాలమ్మ.

ఉడుత బుద్ధి ఎక్కడికి పోతుంది? గింజలు దాచినట్టే ఫైళ్లూ దాచేది. తెర మీద ‘కొత్తది’, ‘కొత్తది రెండు’, ‘అసలు కొత్తది’, ‘దీన్ని ముట్టుకోవద్దు’ అంటూ వందల ఫోల్డర్లు. ఏది ఎక్కడుందో ఆవిడకి కంఠతా వచ్చు. లోపల ఏముందో మాత్రం ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

అలాంటి ఆఫీసుకి కొంగ ధవళేశ్వరరావు అధికారిగా వచ్చాడు. రెక్క మీద మరక ఉండదు, బల్ల మీద కాగితం ఉండదు, అంచేత సమర్థుడని పేరు. తెర చూడగానే ఆయనకి కళ్లు తిరిగాయి. అప్పటికే ప్రెసిడెంటు దున్నపోతుగారు శుభ్రమైన ఆఫీసుకి బహుమానం ప్రకటించి ఉన్నారు. కొంగ ఒంటికాలి మీద నిలబడి ఆలోచించి ఉత్తర్వు వేశాడు: మూడేళ్లుగా ఎవరూ తెరవని ఫైలు చెత్త కింద లెక్క, ఆదివారం నాడు కంప్యూటరే దాన్ని తుడిచేస్తుంది.

తెరవకపోవడం మన తప్పు గాని ఫైలు తప్పు కాదు కదా అని వరహాలమ్మ నసిగింది.

“అవసరమైనదైతే ఎవరో ఒకరు తెరిచేవారే కదమ్మా,” అన్నాడు కొంగ.

శుక్రవారం తాబేలు అప్పలకొండ వచ్చాడు. పదకొండేళ్లుగా ప్రతి శుక్రవారం వస్తూనే ఉన్నాడు. ఆయన మడుగుని దున్నపోతుగారు ఆక్రమించుకున్నాక, పిల్లల్ని వేసుకుని తూము కింద బురదలో కాపురం. ఎండాకాలం వస్తే అదీ ఎండిపోయేది, పిల్లల ఒళ్లు బీటలు వారేవి. మడుగు కోసం పెట్టిన అర్జీ ఏమైందని అడిగినప్పుడల్లా వరహాలమ్మ పరిశీలనలో ఉంది తాతా అనేది. ఆయన ఇల్లు చేరేసరికి మళ్లీ బయల్దేరే రోజు వచ్చేది.

కొత్త ఉత్తర్వు సంగతి విని ఆయన మెడ పూర్తిగా బయటికి చాపాడు.

“తల్లీ, అదీ పోతే నాకింక అడగడానికి కూడా ఏమీ మిగలదు. ఒక్కసారి తెరిచి మూసెయ్యమ్మా. చదవక్కర్లేదు.”

వరహాలమ్మ తడుముకోకుండా ‘దీన్ని ముట్టుకోవద్దు’లోకి వెళ్లి ఫైలు తెరిచింది. అందులో ఉన్నది ఒకే ఒక్క పేజీ. మడుగు తాబేలుదే, దున్నపోతు వెంటనే ఖాళీ చెయ్యాలి. కింద పాత అధికారి సంతకం, ముద్ర. తేదీ చూస్తే అర్జీ పెట్టిన రెండో నెల.

ఆవిడకి తల కొట్టేసినట్టయింది. పదకొండేళ్లు తను ఏం చెప్పి పంపిందో ఒక్కొక్క శుక్రవారమూ గుర్తొచ్చి, ఏడుపొచ్చింది. కాగితం అచ్చు తీసి ఆయన చేతిలో పెట్టింది.

“మడుగు నీదే తాతా. మొదటి నుంచీ నీదే.”

మళ్లీ శుక్రవారం రావాలా అని అడిగాడు ఆయన. అక్కర్లేదంది. ఏం చెయ్యాలో తోచక కాసేపు అక్కడే కూర్చుండిపోయాడు.

శనివారం పొద్దున్నే అర్జీలు పెట్టినవాళ్లంతా ఆఫీసు ముందు బారులు తీరారు. అందరిదీ ఒకటే మాట, మాదీ ఒకసారి తెరిచి మూసెయ్యి. తెరిచిన ప్రతి దాంట్లోనూ ఏదో ఒక తీర్పుంది. కుందేలుకి బొరియ దక్కింది, జింకలకి దారి దక్కింది. సగం తీర్పుల్లో దున్నపోతుగారి పేరే ఉంది. ఆదివారం కంప్యూటరు చెత్త కోసం వెతికి వెతికి, ఏమీ లేదని చెప్పి ఊరుకుంది.

దున్నపోతుగారు మడుగులోంచి లేచి, బురద కార్చుకుంటూ తిన్నగా ఆఫీసుకే వచ్చారు. బహుమానం ఊసెత్తలేదు. సోమవారానికల్లా కొంగకి చుక్క నీరు లేని రాతికొండకి బదిలీ అయింది.

వెళ్తూ వెళ్తూ, తన స్థానంలోకి వచ్చిన నక్కకి కొంగ ఒక్క వాక్యం రాసి ఇచ్చాడు. ఆ అడవిలో కొత్త అధికారులందరికీ ఇప్పటికీ అదే నీతి: పాత ఫైలుని తెరవకుండానే పారెయ్యాలి, తెరిచామా, ఎవరో ఒకరికి న్యాయం జరిగిపోతుంది.