మంత్రిగారు పన్ను పీకించుకున్న రోజు

ఆ పొద్దున మత్స్యశాఖ మంత్రిగారు పెట్టుకున్న పని ఒక్కటే. పన్ను పీకించుకుని, ఇంటికొచ్చి ముసుగుతన్ని పడుకోవడం. అధికార పార్టీలో అధినేతకూ ఆర్థికమంత్రికీ కుర్చీ కోసం నెల్లాళ్లుగా ఉప్పూనిప్పుగా ఉంది. శుక్రవారం నాటి పార్టీ సమావేశంలో ఎవరో ఒకరికి చెయ్యెత్తక తప్పదు. గోడమీద పిల్లిలా నెట్టుకొస్తున్న ఆయనకు పన్నునొప్పి దేవుడిచ్చిన సెలవులా తోచింది.

"దారిలో ఎవరితోనూ మాట్లాడకండి," అని హెచ్చరించింది భార్య.

"మాట్లాడితేగా!" అన్నాడాయన.

పళ్ల డాక్టరు పన్ను పీకి, దూది కుక్కి, సాయంత్రం దాకా నోరు విప్పొద్దన్నాడు. ఆసుపత్రి మెట్లు దిగుతుంటే టీవీ విలేకరి మైకు పెట్టింది.

"సార్, మీ మద్దతు అధినేతకేనా?"

మంత్రిగారు నోరు చూపించి, మాట్లాడలేనన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఇల్లు చేరేసరికి టీవీ మోగిపోతోంది: "అధినేతకు మద్దతు లేదన్న మంత్రి! నోరు నొక్కేశారని సైగ!"

అంతలోనే ఆర్థికమంత్రి పూలగుత్తితో, వెంట టీవీ కెమెరాలతో ఊడిపడ్డాడు. మంత్రిగారు కంగారుగా కాగితం లాక్కుని "పన్ను బాధ" అని రాసి చూపించాడు.

"తెలుసయ్యా! చేపల మీద పన్ను ఎక్కువే. నేను గద్దెనెక్కగానే ఎత్తేస్తాను," అంటూ ఆర్థికమంత్రి గట్టిగా కావలించుకున్నాడు. వాచిన దవడ ఆయన భుజానికి నొక్కుకుని మంత్రిగారికి కళ్లవెంట నీళ్లు కారాయి. "పార్టీ దుస్థితికి మంత్రి కంటతడి," అంది టీవీ.

ఆ కన్నీళ్లు చూసి జనం కరిగిపోయారు. వీధి నిండా చేరి "కాబోయే అధినేత మన చేపలమంత్రే!" అని అరవసాగారు. ఆర్థికమంత్రి మొహం మాడ్చుకుని వెనకదారిన జారుకున్నాడు.

ఇంతలో అధినేత ఫోను. భార్య ఎత్తింది.

"ఏమ్మా, మీ ఆయన నాతో మాట్లాడడా?"

"ఎలా మాట్లాడతారండీ! పొద్దున్నే పన్ను పీకేశారు." బయటి నినాదాల హోరులో 'పన్ను' కొట్టుకుపోయింది. "పక్కది కూడా కదులుతోంది. శుక్రవారం దాన్నీ పీకేస్తారు."

"గట్టిగానే ఉందనుకున్నానే!" అన్నాడు అధినేత, తన కుర్చీ సంగతేననుకుని.

"పైకి అలాగే కనిపిస్తుందండీ. లోపలంతా పుచ్చిపోయింది."

పక్కనే మంత్రిగారు వద్దు వద్దని చేతులూపుతూనే ఉన్నాడు. అవతల ఫోను పెట్టేశారు.

సాయంత్రం దూది తీసి పారేసి, "ఇప్పుడే వెళ్లి కాళ్లావేళ్లా పడతాను. చెప్పులేవీ?" అన్నాడు మంత్రిగారు.

"ముందు ఇటు చూడండి," అంది భార్య.

టీవీలో అధినేతా ఆర్థికమంత్రీ భుజాల మీద చేతులేసుకుని నిలబడ్డారు. "మా మధ్య విభేదాలా? ఎవరో కిట్టనివాళ్లు పుట్టించారు," అన్నాడు అధినేత. "మాది ఒకే మాట," అన్నాడు ఆర్థికమంత్రి. ఇద్దరూ ఏకగ్రీవంగా తీసుకున్న మొదటి నిర్ణయం తెర కింద అక్షరాల్లో వెళ్తోంది: మత్స్యశాఖ మంత్రికి ఉద్వాసన.

మంత్రిగారు సోఫాలో కూలబడ్డాడు. "నేను మొదట్నుంచీ వాళ్లిద్దరి వైపే కదే!" అన్నాడు దీనంగా.

"వాళ్లిప్పుడు ఒకవైపే ఉన్నారుగా, సంతోషించండి," అంది భార్య.

పార్టీ పెద్దలందరూ నెల్లాళ్లు తలలు పగలగొట్టుకున్నా కుదరని రాజీని, ఒక్క మాటైనా మాట్లాడకుండా ఒక్క పూటలో కుదిర్చిన ఘనత మాజీ మంత్రిగారికే దక్కింది.