నీటిపై గెంతే గుండ్రని వస్తువు

మానవజాతికి ప్రమాదాలన్నీ పదాల వల్లే వస్తాయని అమెరికాలోని ప్లెయిన్స్‌బరోలో ఒక బడి ఎట్టకేలకు కనిపెట్టింది. అందుకే సైన్స్ ఫెయిర్ కోసం పదజాల భద్రతాధికారి అనే పదవిని సృష్టించింది. (వస్తువుల భద్రతకు ఎవరూ దొరకలేదు.)

ఎనిమిదో తరగతి చదివే స్మృతి ఎంచుకున్నది, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్‌వాళ్లు జర్మనీ ఆనకట్టల మీద వేసిన గెంతే బాంబు. పీపాలాంటి ఆ బాంబును విమానంలోనే వెనక్కి గిరగిరా తిప్పి, అరవై అడుగుల ఎత్తునుంచి వదిలేవారు. అది నీళ్లమీద గెంతుతూ, నీళ్లలో దూసుకొచ్చే టార్పెడోలను ఆపడానికి కట్టిన వలలు దాటి, గోడకు తగిలి, తిరుగుతున్న ఊపుకి గోడను అంటిపెట్టుకునే మునిగి, లోతున పేలేది. స్మృతి ఇదంతా తొట్టిలో గోలీతో చేసి చూపింది. నాన్న దివాకర్ ముచ్చటపడి ఫెయిర్ ఫారం నింపాడు.

మర్నాడే పదజాల భద్రతాధికారిణి మిసెస్ హార్‌గ్రోవ్ ఇద్దరినీ పిలిపించింది.

"మీరు బాంబ్ అని రాశారు" అంది, గొంతు బాగా తగ్గించి. "పద్నాలుగో నియమం ప్రకారం 'నీటిపై గెంతే గుండ్రని వస్తువు' అనాలి."

దివాకర్ హెచ్-1బి వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది. వెంటనే ఒప్పుకుని సంతకం పెట్టాడు.

"డాడీ, బాంబ్‌ని బాంబ్ అనకపోతే ఎలా?"

"అప్రూవల్ వచ్చేదాకా వస్తువే తల్లీ."

స్మృతి పోస్టర్‌లో 'ఆనకట్ట పగిలింది' అన్నది 'గోడ విధుల నుంచి వైదొలగింది' అయింది. వరద 'అదనపు నీటి సరఫరా' అయింది. చివరి వాక్యం: 'పదమూడు వందల మందికి పైగా చనిపోయారు, వాళ్లలో చాలామంది బలవంతంగా పనికి తెచ్చిన పరదేశీలు.' దీనికి ప్రత్యామ్నాయ పదం దొరక్క, హార్‌గ్రోవ్ వాక్యాన్నే కొట్టేసింది.

ఫెయిర్ రోజున గోలీ నాలుగు గెంతులు వేసింది. అట్టగోడ పడిపోయింది. చప్పట్లు మోగాయి.

"గోడ అవతల ఏముండేది?" అన్నాడు న్యాయనిర్ణేత.

స్మృతి నాన్నవైపు చూసింది. దివాకర్‌కి వీసా గుర్తొచ్చింది. అయినా వచ్చి కూతురి పక్కన నిలబడి, "చెప్పమ్మా" అన్నాడు. (తెలుగుకు నియమావళి ఇంకా తయారు కాలేదు.)

"ఊళ్లు, సర్. పదమూడు వందల మంది పైనే చనిపోయారు. అది వస్తువు కాదు, బాంబ్."

హార్‌గ్రోవ్ ఏదో రాసుకుంది.

స్మృతిని పోటీ నుంచి తప్పించలేదు. జలక్రీడల విభాగంలో రెండో బహుమతి ఇచ్చారు. ప్రశంసాపత్రం అడుగున న్యాయనిర్ణేత స్వయంగా రాశాడు:

"గెంతులు అద్భుతం. మనుషులు లేకపోతే ఇంకా చక్కగా ఉండేది."