ఆగని రక్తం, ఆగిన కత్తెర

అయ్యలారా, అమ్మలారా! మగవాడికి ఇంట్లో విలువ తెచ్చేది సంపాదనా? చదువా? రెండూ కాదు. కొలెస్ట్రాల్ మాత్ర! నమ్మకం లేకపోతే మా వీధి టైలరు సంగతి వినండి.

ఆయనకు రక్తపరీక్షలో కొవ్వు ఎక్కువని తేలింది. డాక్టరుగారు రిపోర్టు చూశారు, గడియారం చూశారు, మందుచీటీ రాశారు. టైలరు మొహం చూడలేదు. ఎందుకు చూడాలి? కొవ్వుండేది రక్తంలో కదా!

డాక్టరు చెప్పనిది ఫోను చెప్పింది. "ఈ మాత్ర రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, జాగ్రత్త!" అని బావమరిది ఒక మెసేజీ పంపాడు. అది చదవగానే టైలరుకు తన కత్తెర తాచుపాములా కనిపించింది.

"ఏమేవ్, చిన్న గాటు పడిందా, ఇక కుళాయి విప్పినట్టే! నేను గుడ్డ కత్తిరించను."

"మరెవరు కత్తిరిస్తారు? మా తమ్ముడొస్తాడా?" అంది భార్య.

ఆహా, ఏమి మాత్ర! ఆ రోజునుంచి ఆయన కూరగాయలు తరగలేదు, మేకు కొట్టలేదు, గడ్డం గీసుకోలేదు. కొట్లో కుర్చీ వేసుకుని, పెరిగిన గడ్డం నిమురుకుంటూ పర్యవేక్షణ! ఏ ఆఫీసరుకు దక్కుతుందండీ ఈ భోగం?

చిక్కల్లా ఒక్కటే. ఆవిడ కత్తెర పట్టింది. పట్టి ఊరుకుందా? ఆయనకంటే బాగా పట్టింది! బిగుసుకుపోయే చొక్కాలు ఒంటికి కుదిరాయి. వేలాడే చేతులు మణికట్టు దగ్గర ఆగాయి. వచ్చినవాళ్లంతా "అక్కా, కొలతలు నువ్వే తీసుకో" అనసాగారు. ఒకడైతే, "పెద్దాయనా, కాస్త జరగండి, అద్దానికి అడ్డమొస్తున్నారు" అన్నాడు.

ఆ మాట గుచ్చుకున్నట్టు ఏ సూదీ గుచ్చుకోలేదు ఆయనకి. కత్తెర మళ్లీ పట్టాలంటే రక్తం గడ్డకట్టాలి. రక్తం గడ్డకట్టాలంటే మాత్ర మానాలి. ఎంత చక్కటి తర్కం! ఎవరికీ చెప్పకుండా మానేసి, నాలుగు రోజులాగి భార్య చేతిలోంచి కత్తెర మళ్లీ లాక్కున్నాడు.

కొన్ని నెలలు గడిచాయి. ఒక ఉదయం సుద్దగీత వెంట గుడ్డ కత్తిరిస్తుండగా, ఛాతీమీద ఎవరో ఇస్త్రీపెట్టె పెట్టి నొక్కినట్టయింది. ఒళ్లంతా చెమట. కత్తెర జారిపోయింది. ఆవిడ మెడలో కొలతల టేపుతోనే ఆయన్ని బండెక్కించింది.

"కళ్లు మూయకండి. మీకు దణ్ణం పెడతాను, కత్తెర మీరే ఉంచుకోండి, కళ్లు మాత్రం మూయకండి!" అంటూ దారిపొడుగునా ఏడ్చింది.

ఆయుష్షు గట్టిది, బతికాడు. మర్నాడు డాక్టరుగారు కొత్త రక్తపరీక్ష రిపోర్టు పట్టుకుని ఆసుపత్రి మంచం దగ్గరికి వచ్చారు.

"మాత్ర ఎందుకు మానేశారు?"

"రక్తం గడ్డకట్టదన్నారండీ..."

"గుండెకు వెళ్లే నాళాల్లో గడ్డ కట్టకూడదనేగా ఇచ్చింది! కొవ్వు తగ్గితే ఆ ముప్పూ తగ్గుతుంది. అంతేగానీ, వేలు తెగితే రక్తం ఆగకుండా పోదు."

"ఈ ముక్క అప్పుడే చెప్పాల్సిందండీ."

"మీరు అడగలేదుగా!"

అంటూ డాక్టరుగారు వెనక్కి తిరిగారు. టైలరు భార్య స్టూలు లాగి ఆయనకు అడ్డంగా వేసింది.

"ఇప్పుడు అడుగుతామండీ. కూర్చోండి."

పాపం, కూర్చున్నారు.

మాత్రతోపాటు నాలుగు మాటలు కూడా ఇవ్వాలని నేనెందుకంటాను? మాటలతో చాలా ప్రమాదం. రోగికి అర్థమైపోతుంది!