మంత్రిగారి బోణీ సీసా

ఇకమీదట జహీరాబాద్ తాలూకాలో ఎవరికీ చెప్పాపెట్టకుండా చావు రాదని మంత్రి అమర్నాథ్ గారు ప్రకటించారు. మూత్రసంచిలో క్యాన్సర్ గడ్డ లేచినవాళ్లు సీసాలో మూత్రం పట్టి ఇస్తే చాలట. అందులోని ప్రోటీన్లు చూసి, మనిషి నిలుస్తాడో లేదో చెప్పే మిషన్ను ఆయన పలుకుబడితో తెప్పించారు. దాన్ని పెట్టిన రేకుల షెడ్డుకు తన పేరు పెట్టడానికి కూడా పెద్ద మనసుతో ఒప్పుకున్నారు.

ఆ షెడ్డు ముందు న్యాల్‌కల్ రైతు చంద్రప్ప, తువ్వాలలో సీసా చుట్టుకుని పొద్దుటినుంచి కూర్చున్నాడు. లోపల గడ్డ ఉందని ముందే తెలుసు. అది కోస్తే బతికే గడ్డో, కోసినా దండగయ్యే గడ్డో తెలియాలి. ఇంట్లో విత్తనపు అల్లం ఉంది. బతికేదుంటే నాటాలి, లేకుంటే అమ్మేయాలి. ఏదో ఒక మాట చెప్పమని పెళ్లాం గిరిజమ్మ ప్రాణం తీస్తోంది.

కానీ కొత్త మిషన్‌కు బోణీ పెద్దచేత్తోనే కావాలి. మొదటి సీసా మంత్రిగారిది పడందే ఇంకొకరిది పడదు.

ప్రారంభోత్సవం టెంటు వెనక మంత్రిగారు ఖాళీ సీసా గంభీరంగా అందుకున్నారు. అంతే గంభీరంగా కార్యకర్త మదన్‌మోహన్ చేతిలో పెట్టారు.

"నాది వద్దు. ఏమన్న తేలిందనుకో, టికెట్ పోతది."

"నాది పట్టియ్యాల్నా సార్?"

"నువ్వు రాత్రి తాగిందంత మైకుల చదువుతరు. ఎవడన్న మంచి మనిషిని చూడు."

మదన్‌మోహన్ బయటికొచ్చి మంచి మనిషి కోసం వెతికాడు. నిండిన సీసాతో చంద్రప్ప కనబడ్డాడు.

"కాకా, అది జర ఇటియ్యి. మంత్రిగారి పేరు మీద పోతది."

"పటేలా, నాకు లోపల..."

"లోపలి సంగతులు తర్వాత. ముహూర్తం దాటుతున్నది!"

మిషన్ గుర్రుమంది. డాక్టర్ హఫీజుద్దీన్ కాగితం చూసి, మంత్రిగారిని చూసి, మళ్లీ కాగితమే చూసి మైకు పట్టుకున్నారు.

"సార్‌కు మూత్రసంచిల గడ్డ ఉన్నది. ఫికర్ చెయ్యకున్రి. ప్రోటీన్లు మంచిగున్నయి. కోసి తీసేస్తే చానా ఏండ్లు బతుకుతరు."

జనం గొల్లుమన్నారు. చంద్రప్ప ఒక్కడే లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

"మంత్రికి రోగమంటే చప్పట్లు కొడ్తవా ముసలోడా?" అని పక్కవాడు కసిరాడు.

"బతుకుతడన్నరు గద బిడ్డా! గది ఇనలేదా?"

ఆ సీసా నాది కాదని బోణీనాడే మాట మార్చే మనిషి కాదు అమర్నాథ్ గారు. కారెక్కాకే అడిగారు.

"ఎవనిదిరా అది?"

"అల్లం రైతుది సార్."

మంత్రిగారు కళ్లు మూసుకుని కాసేపు ప్రజల గురించి ఆలోచించారు.

"గడ్డ ఎవనిదో కోత వానికే. పేరు మటుకు నాది. సామాజిక న్యాయమంటే ఇదే."

హైదరాబాద్‌లో ఒక పెద్ద దవాఖానలో చల్లటి గది దొరికింది. కాగితం మీద అమర్నాథ్, మంచం మీద చంద్రప్ప. మంత్రిగారు పక్క గదిలో, పరదాలు వేసుకుని, ఎంతో ఓపికతో కోలుకున్నారు. పత్రికల్లో అబద్ధం ఒక్కటీ రాలేదు. గిరిజమ్మ మొగుడికి గంజి తాగించినప్పుడల్లా మంత్రిగారు గంజి పుచ్చుకున్నట్టు వార్త వచ్చింది. చంద్రప్ప లేచి నాలుగడుగులు వేసిననాడు రాష్ట్రమంతా కొబ్బరికాయలు కొట్టారు.

చావును గెలిచిన నాయకుడికి ఎన్నికలు గెలవడం ఒక లెక్కా? టికెట్ వచ్చింది, ఓట్లు విరగబడి వచ్చాయి. న్యాల్‌కల్‌లో అల్లం కూడా బాగానే మొలిచింది.

చేలో కలుపు తీసేవేళ గట్టు మీద జీపు ఆగింది. మదన్‌మోహన్ దిగాడు.

"కాకా, నడువు. మంత్రిగారికి చెకప్ ఉన్నది."

పక్క చేని సంగయ్య పరుగున వచ్చాడు.

"ఏందే చంద్రప్పా, మంత్రిగారి పానం ఎట్లున్నదట?"

చంద్రప్ప చేతుల మట్టి దులుపుకుని జీపెక్కాడు.

"మంచిగనే ఉన్నది. పొద్దుగాల రెండు జొన్నరొట్టెలు తిన్నడు."