ఇరవై ఐదు గీతల కాగితం

పదింటికల్లా డాన్ త్రాన్సితో అనే పెద్దాయన ఇల్లమ్మిన దస్తావేజు కంప్యూటర్లోంచి బయటికి రావాలి, సంతకం పెట్టి ఆయన పదకొండు గంటల బస్సెక్కాలి. షేలా ఊళ్లో లాయర్లని 'లిక్' అంటారు; ఆ ఊరి నోటరీ లిక్ బౌదిలియో ఆ ఉదయం వేసుకున్న పథకం అది. "ఇది సరిగ్గా వస్తే రేపట్నుంచి మీరు హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు సెన్యో," అన్నాడు టైపిస్టు ఎదెల్మీరాతో, 'అమ్మగారూ' అన్నంత మర్యాదగా, వరమిస్తున్నట్టు. ముప్పై ఒక్కేళ్లుగా ఆ కుర్చీయే ఆమె లోకం. తన పాత టైప్‌రైటర్ మీద ముసుగు సర్దింది.

ఆ కుర్చీలోకి రాబోయేది లిక్ మేనల్లుడు యాదిర్. నలభై ఏళ్లొచ్చాయి, కంప్యూటర్ సర్టిఫికెట్లు మూడున్నాయి, పనొక్కటే రాదు.

దస్తావేజు కాగితం మీద ప్రభుత్వం నంబరు, ఇరవై ఐదు గీతలు అచ్చేసి ఉంటాయి. అక్షరాలు గీతల మీదే కూర్చోవాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. ఆఫీసులో మిగిలినవి నాలుగే కాగితాలు. కొత్తవి సోమవారానికి గాని రావు.

మొదటి కాగితంలో అక్షరాలన్నీ గీతల మధ్య వేలాడాయి.

"కాగితందే తప్పు మామయ్యా," అని యాదిర్ ఎడాపెడా ఎంటర్లు కొట్టాడు. రెండో దాంట్లో మొదటి వరుస బాగానే కూర్చుంది, పదో వరుసకొచ్చేసరికి మళ్లీ గాల్లోకి లేచింది. దాంతో ఫాంటు మార్చి, వరుసలు నిండలేదని స్పేస్‌బార్ బాదాడు. మాటకీ మాటకీ మధ్య మనిషి దూరేంత సందు!

"ఖాళీలుంటే చెల్లదురా, అడ్డగీతలతో నింపు!" అని లిక్ కేకేశాడు. చట్టం చదివిన బుర్ర అంతవరకే పనిచేసింది.

అడ్డగీతలతో నిండిన మూడో కాగితాన్ని డాన్ త్రాన్సితో ఎగాదిగా చూశాడు. "ఏంటి లిక్, నా ఇల్లు అమ్ముతున్నారా, కంచె వేస్తున్నారా?"

గడియారం పదీ ఇరవై. లిక్ ఎదెల్మీరా వైపు తిరిగాడు. "సెన్యో, ఆ టైప్‌రైటర్ ముసుగు తీయండి."

"తీస్తాను. రిబ్బను మొన్న మీరే చెత్తబుట్టలో పడేశారుగా?"

ఎదెల్మీరా సొరుగులోంచి స్కేలు తీసి, గీతకీ గీతకీ మధ్య దూరం కొలిచింది. "కాస్త లే నాయనా," అని యాదిర్‌ని పక్కకి జరిపి కూర్చుంది. ఏదో మీట నొక్కితే తెరంతా గసగసాలు చల్లినట్టు చుక్కలు. ఒక్కో చుక్కా యాదిర్ కొట్టిన ఒక్కో స్పేసు. అనవసరమైనవన్నీ తుడిచేసి, వరుసల మధ్య దూరం స్కేలు చెప్పినంతే పెట్టింది. ముందు తెల్లకాగితం మీద తీసి, ఆఖరి కాగితాన్ని దానికి ఆనించి కిటికీ వెలుగులో చూసింది. గీతల మీద అక్షరాలు బుద్ధిగా కూర్చున్నాయి. అప్పుడు అసలుది తీసింది.

డాన్ త్రాన్సితో సంతకం పెట్టి బస్సుకి పరుగెత్తాడు.

"ఇదంతా ఎప్పుడు నేర్చుకున్నారు?" అన్నాడు లిక్, నోరు తెరిచి.

"మీరిద్దరూ భోజనానికని ఒంటిగంటకి వెళ్లి మూడింటికి వస్తారు కదా, అప్పుడే. మూడు నెలలైంది. నన్నెవరడిగారు?" ఆమె స్కేలుని సొరుగులోకి విసిరింది. "రేపట్నుంచి ఇంట్లో కూర్చోమన్నారు. కూర్చోనా?"

"అయ్యో, ఏదో సరదాకన్నాను సెన్యో!"

మర్నాడు ఎదెల్మీరా కుర్చీ కంప్యూటర్ ముందుకి చేరింది. యాదిర్‌కి కూడా అన్యాయం జరగలేదు, అతని ప్రతిభకి సరిపడా రిబ్బను లేని టైప్‌రైటరు కేటాయించారు.