నలభై అంగుళాల నడుము

ఆ సోమవారం ఉదయం టైలరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరున్నరకి లేవాలి. హాల్లో చాప పరిచి, ఫోన్లో వీడియో పెట్టుకుని ఇరవై నిమిషాలు ఒళ్ళు వంచాలి. ఎనిమిదింటికల్లా స్నానం చేసి, ముందు గదిలో ఉన్న షాపు తలుపులు తీయాలి. ముప్పై ఏళ్ళుగా మిషను ముందు వంగి కూర్చున్న నడుము ఈమధ్య లేవమంటే లేవడం లేదు. డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఎముకలు బాగానే ఉన్నాయి. వాటి మీద బరువే ఎక్కువైంది. పొట్ట తగ్గించండి," అని పంపేశాడు.

ఆయనకి కంటికొలత టైలరని పేరు. మనిషి గుమ్మంలో అడుగు పెడుతుండగానే, "నడుం ముప్పై నాలుగు, పొడవు నలభై," అనేసేవాడు. తరవాత టేపు పెట్టి చూస్తే ముప్పై నాలుగే ఉండేది. అంత కన్నున్నవాడికి తన పొట్ట మాత్రం కనిపించలేదు. మిషను మీదికి వంగినప్పుడు అది తనకన్నా ముందే గుడ్డని చేరుకుంటున్నా, గ్యాసు అనుకున్నాడు, వయసు అనుకున్నాడు, కుర్చీ ఎత్తు తక్కువైందనుకున్నాడు. ఆ రోజు టేపు చుట్టుకుని చూసుకుంటే నలభై రెండు. భార్య వినకుండా ఉండాలని ఆ అంకెని లోపలే చదువుకున్నాడు.

వీడియో పేరు "పిలాటిస్ వ్యాయామం, యోగా కలిపి ఇరవై ఎనిమిది రోజుల్లో సన్నని నడుము". అందులో అమ్మాయి నవ్వుతూ, "నాభిని వెన్నెముక దగ్గరికి లాగండి," అంది. ఆ రెండింటి మధ్యా చాలా దూరం ఉన్నట్టనిపించింది టైలరుకి. బోర్లా పడుకుని చేతులూ కాళ్ళూ పైకెత్తమంటే ఎత్తాడు. వెంటనే పొట్ట ఇరుసుగా అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టాడు. ఆపడం చాతకాలేదు. భార్య వంటింట్లోంచి వచ్చి, చేతిలో గరిటె ఉండగానే, కాలితో భుజాన్ని నొక్కి ఆపి మళ్ళీ లోపలికి వెళ్ళింది. దానికన్నా రెండు మాటలంటే బావుండేదనిపించింది టైలరుకి.

చివర్లో ఆ అమ్మాయి, "ఇప్పుడు వెల్లకిలా పడుకుని పాదానికి ఒక స్ట్రాప్ తగిలించి, కాలు మీ వైపుకి లాగండి. స్ట్రాప్ లేకపోతే బెల్టు వాడుకోవచ్చు," అంది. ఆ ఇంట్లో బెల్టు లేదు. బెల్టు పెట్టుకోవలసి వచ్చిందంటే ఆ ప్యాంటు కుట్టినవాడు టైలరే కాదని ఆయన నమ్మకం. తను కుట్టే ఏ ప్యాంటుకీ బెల్టు లూపులు పెట్టడు, అడిగినా పెట్టడు. చుట్టూ చూస్తే పనికొచ్చేది ఏదీ కనిపించలేదు. పొద్దున్న లేచింది మొదలు మెడలో వేలాడే మెత్తటి ప్లాస్టిక్ టేపు మాత్రం ఉంది. దాన్నే పాదానికి తగిలించి, రెండు చేతులతో బలంకొద్దీ లాగాడు.

"ఇంకొంచెం లాగండి. సాగుతున్నట్టు తెలుస్తోందా?" అంది అమ్మాయి.

"తెలుస్తోందమ్మా," అన్నాడు టైలరు సంతోషంగా.

రోజూ అలాగే లాగాడు. నాలుగో రోజు నడుము నలభై ఒకటిన్నర. పన్నెండో రోజు నలభై. మూడుసార్లు చూసుకున్నాడు, నలభయ్యే. నమ్మకం కుదరక నలభై కొలతతో కొత్త ప్యాంటు కత్తిరించి కుట్టుకున్నాడు. చేతికి తొడుగు వేసినట్టు పట్టింది. ఇక సందేహానికి చోటే లేకపోయింది. దాన్ని వేసుకుని భార్య ముందు అటూ ఇటూ నడిచాడు.

ఆవిడ షాపులో కాజాలు, గుండీలు, హెమ్మింగులు చూస్తుంది. టేపుతో ఆవిడకి పని లేదు. చేతిలో ఎప్పుడూ ఆరంగుళాల స్టీలు స్కేలుంటుంది.

"రెండంగుళాలు తగ్గితే మీ పాత ప్యాంటు గుండీ ఇంకా ఎందుకు పట్టట్లేదండీ?" అంది.

"నువ్వు వేణ్ణీళ్ళలో నానబెట్టావు. గుడ్డ కుంచించుకుపోయింది."

"పదేళ్ళ నుంచీ ఆ నీళ్ళలోనే నానబెడుతున్నాను."

"గుడ్డకి మాత్రం ఎంతకాలం ఓపిక ఉంటుందోయ్," అన్నాడు టైలరు.

పక్కింటి లెక్కల మేష్టారు ఆ కొత్త ప్యాంటు చూసి మర్నాటి నుంచే చాప చంకన పెట్టుకుని వచ్చేశాడు. వారం రోజులు ఇద్దరూ హాల్లో పక్కపక్కనే మూలుగుతూ కాళ్ళెత్తారు. ఆ వారంలోనే మేష్టారికి బడికి వేసుకెళ్ళడానికి ప్యాంటు కావలసి వచ్చింది. కొలత తీద్దామంటే, "పుస్తకంలో పాత కొలత ఉందిగా, దాంతో కానిచ్చెయ్యండి," అన్నాడు. టైలరు కొలతల పుస్తకం చూశాడు. రెండేళ్ళనాటి ముప్పై ఆరు అక్కడుంది. ఆ లెక్కన కత్తిరించి కుట్టేశాడు.

మర్నాడు సాయంత్రం మేష్టారు రెండు చేతులతో ప్యాంటు పట్టుకుని గుమ్మంలోకొచ్చాడు. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"చూశారా? దాదాపు రెండంగుళాలు వదులు. వారం రోజుల్లో! ఈ లెక్కన నెలకి ఎనిమిది, నాలుగున్నర నెలలకి..." అంటూ ఆగిపోయాడు. నాలుగున్నర నెలలకి తను ఉండనని లెక్క తేలింది. "కొంచెం నెమ్మదిగా చెయ్యాలేమో. ఏమంటావు చెల్లెమ్మా?"

టైలరు భార్య గుండీ కుడుతూనే ఆయన నడుము వైపు చూసింది. ఆయన భోజనం చేస్తున్నప్పుడు చూసిన మనిషి కాబట్టి ఆవిడకి ఆ వదులు మీద నమ్మకం కుదరలేదు.

వీధి చివరి హోటలు యజమాని కబురు పంపింది అప్పుడే. ఏటా అక్కడి ఇరవై నలుగురు సర్వర్లకీ కోట్లు, ప్యాంట్లు కుట్టేది ఈ షాపే. ఏడాదిలో సగం పని అదే. "మేడ మీద కొత్త హాలు తెరుస్తున్నాం. రెడీమేడ్ వాళ్ళు చుట్టూ తిరుగుతున్నారు. నేనే వద్దన్నాను," అన్నాడాయన. "మీ ఫిట్టింగు వాళ్ళకెక్కడిది? మనుషులు వాళ్ళే, కొలతలు మీ పుస్తకంలో ఉండనే ఉన్నాయి." టైలరు ఛాతీ ఉబ్బింది. పన్నెండు రోజులు భార్యాభర్తలు మిషను దిగకుండా కుట్టారు.

"ఒక్కళ్ళకైనా ట్రయలు వేద్దామండీ," అంది భార్య.

"కంటికొలత టైలరుకి ట్రయలేమిటోయ్?"

హాలు తెరిచే రోజు పొద్దున్న బట్టలు ఇచ్చి వచ్చి, కాస్త తీరిగ్గా కటింగు టేబులు సర్దుతున్నారు. టైలరు మామగారు చేయించిన ఆ టేబులు సరిగ్గా అరవై అంగుళాలు. టేపూ అరవయ్యే. అంచు నుంచి అంచుకి టేపు పరిచిన భార్య అలాగే నిలబడిపోయింది. అరవై అంకె టేబులు అంచు దాటి కిందికి వేలాడుతోంది.

"ఏమండీ, ఇలా రండి."

టైలరు వచ్చి చూశాడు. కొంతసేపు ఆలోచించి, "చెక్క కదా, ఎండలకి కురచైపోయుంటుంది," అన్నాడు.

ఆవిడ స్టీలు స్కేలు తెచ్చి టేపు పక్కన పెట్టింది. స్కేలు మీద ఆరు అయిపోయినా టేపు మీద ఆరు రాలేదు. పదిసార్లు స్కేలు జరిపి చూస్తే టేబులు అరవై అంగుళాలే ఉంది. టేపు మాత్రం అరవై మూడు. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. టేపునే చూశారు. అరికాలు ఆనే చోట అంకెలు కాస్త బొద్దుగా కూడా ఉన్నాయి.

టైలరుకి మెల్లగా అంతా అర్థమైంది. సాగిన టేపుతో కొలిస్తే నడుము తక్కువ చూపించింది. దాంతోనే కత్తిరించాడు కాబట్టి తన ప్యాంటు సరిపోయింది. పుస్తకంలో ఉన్నవి మంచి టేపుతో తీసిన పాత కొలతలు. వాటిని ఈ టేపుతో కత్తిరించిన ప్రతి బట్టా వదులే. అంటే మేష్టారి ప్యాంటు. అంటే ఇరవై నాలుగు జతలు. లూపులు లేనివి.

"సర్వర్లకి రెండు చేతుల్లోనూ ట్రేలుంటాయి," అన్నాడు నీరసంగా.

భార్య అప్పటికే పిన్నీసుల డబ్బా, సూదులు, దారపు ఉండ సంచీలో వేసుకుని చెప్పులు తొడుక్కుంది. దారిపొడుగునా టైలరు పోయేవాటిని లెక్కపెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళ పేరు. సగం ఏడాది పని. అవి పోతే మళ్ళీ వచ్చేవి కావు. పోగొట్టింది మంటా కాదు, దొంగా కాదు. చాప మీద వెల్లకిలా పడుకుని తన కాలు తనే లాక్కున్నాడు.

హాలు నిండా జనం. సర్వర్లు మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని, మోచేతులు నడుముకి నొక్కిపట్టి, చిన్నచిన్న అడుగులు వేస్తూ ట్రేలు మోస్తున్నారు. ఒకతని కోటు చెయ్యి సూపు గిన్నెలో మునిగి తేలింది. హెడ్ సర్వరు టైలరుని చూసి పక్కకి లాగాడు.

"ఏం కుట్టావన్నా ఇది? నేను ముందుకెళితే ప్యాంటు కిందికెళుతోంది. ఏడో టేబులు దగ్గర గోడకి ఆనుకుని నిలబడి ఆర్డరు రాసుకున్నాను."

"నాదే తప్పు తమ్ముడూ. మీ ఓనరుతో చెప్పేస్తాను," అంటూ టైలరు కౌంటరు దగ్గరికి నడిచాడు. యజమాని మొహం గంభీరంగా ఉంది.

"రండి టైలరు గారూ. మీ మొహం చూడటానికే సిగ్గుగా ఉంది నాకు," అన్నాడాయన.

టైలరుకి అర్థం కాలేదు.

"ఏడో టేబులాయన అడిగాడండీ, మీ సర్వర్లకి తిండి పెట్టరా అని. అప్పుడు చూశాను. నిరుడు మీరు తీసిన కొలతలే, మీరు కుట్టిన బట్టలే. అందరికీ వదులు. ఒక్కళ్ళు కాదు, ఇరవై నలుగురు చిక్కిపోయారు. నా కళ్ళెదుటే చిక్కిపోతుంటే నేను గల్లాపెట్టె చూసుకుంటూ కూర్చున్నాను."

"కాదండీ, తప్పు నాది. టేపు సాగింది."

"టేపు సాగడమేమిటండీ?"

"రోజూ కాలికి తగిలించి లాగానండీ. వ్యాయామం." 

యజమాని ఆయన్ని నెత్తి నుంచి పొట్ట దాకా చూసి, అక్కడే ఆగాడు. "మీరు వ్యాయామం చేశారు," అన్నాడు మెల్లగా. తరవాత టైలరు భుజం మీద చెయ్యి వేశాడు. "మీరు మంచివారు. నా పరువు కాపాడటానికి ఎంత మాటైనా పుట్టిస్తారు. కానీ కంటికొలత టైలరు చేతిలో కొలత తప్పిందంటే ఎవరు నమ్ముతారండీ?"

టైలరు మళ్ళీ చెప్పబోయాడు. ఈసారి యజమాని కళ్ళు చెమర్చాయి. భార్య పిన్నీసుల డబ్బా తీస్తే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఒక్క కుట్టు వెయ్యకండమ్మా. బట్టలు సరిగ్గానే ఉన్నాయి. సరి చెయ్యాల్సింది మనుషుల్ని." అప్పటికప్పుడు హుకుం జారీ అయింది. ప్యాంట్లు నిండేదాకా అందరూ ఏప్రన్ తాళ్ళు నడుముకి బిగించి కట్టుకోవాలి. రోజూ పదకొండింటికి, గిరాకీ రాకముందే, ఇరవై నలుగురూ కూర్చుని కడుపునిండా తినాలి. ఎవరైనా విస్తట్లో వదిలేస్తే తను ఊరుకోడు.

హెడ్ సర్వరు టైలరు చెవి దగ్గరికొచ్చి, "అన్నా, ఆ టేపు సంగతి ఇంకెవరికీ చెప్పకు. నీ కాళ్ళు పట్టుకుంటాను," అన్నాడు.

యజమాని బలవంతాన మర్నాటి నుంచీ టైలరు కూడా వాళ్ళ వరుసలో కూర్చున్నాడు. మొదటి రోజు తప్పుచేసిన బాధతో తిన్నాడు. రెండో రోజు మొహమాటంతో. మూడో రోజు నుంచి ఆకలితో. పొద్దుటి వీడియోలు ఎప్పుడు మానేశాడో ఆయనకే గుర్తు లేదు. మేష్టారికి మాత్రం నిజం చెప్పేశాడు. ఆయన వదులు ప్యాంటు పైకి లాక్కుని, "బళ్ళో అందరికీ చెప్పేశానండీ," అన్నాడు. లేచి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "ఆ టేపు పారెయ్యకండి. నన్ను కొలిచేటప్పుడు దాన్నే వాడండి," అన్నాడు.

ఆరు వారాల తరవాత యజమాని సర్వర్లందరినీ వరుసగా నిలబెట్టి టైలరుని పిలిపించాడు. ఒక్క ఏప్రన్ తాడూ బిగించి లేదు. కోట్లు భుజాల మీద, ప్యాంట్లు నడుముల మీద అచ్చుగుద్దినట్టున్నాయి. "చూశారా, మీ కొలత మీ కొలతే. ఇక ఏటా మీరే," అన్నాడు యజమాని. హెడ్ సర్వరు ఊపిరి పీల్చకుండా నిలబడి ఉన్నాడు, పీలిస్తే గుండీ ఊడేటట్టుంది.

ఇంటికొచ్చాక భార్య కొత్తగా కొన్న స్టీలు టేపు తీసి, ఆయన వద్దంటున్నా వినకుండా నడుముకి చుట్టింది. తరవాత కొలతల పుస్తకం తెరిచి, కొత్త పేజీలో ఆయన పేరు రాసి, కింద రాసింది: "నలభై మూడున్నర. ఊపిరి బిగబట్టినప్పుడు."